టెసూకీ నుంచి ఉషేగాం దాకా – ఒక కంచు కథ

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, తింటున్నది సాఫ్ట్‌వేర్ తిండి. మనవాళ్ళలో ఈ బాపతు వాళ్ళు తక్కువేమీ కాదు కనుక ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నేను సిగ్గుపడ్డది వేరే విషయానికి. ఆ కథే ఇది.

ఇంజనీరింగు రెండో ఏడాదిలో మాకు పోత పనుల గురించి ఒక పేపరుండేది. "ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ పద్ధతిని పటం సహాయంతో వివరింపుము" అన్న ప్రశ్న దాదాపు ప్రతి ఏడూ వచ్చేది. మైనంతో నమూనా చేయడం, దాని చుట్టూ అచ్చు కట్టడం, వేడి చేసి మైనాన్ని కరిగించి తీసెయ్యడం, ఆ ఖాళీలో లోహం పోయడం. నాలుగు బొమ్మలు, పది వాక్యాలు, పది మార్కులు. నేనూ గీశాను, రాశాను, మార్కులు తెచ్చుకున్నాను, మర్చిపోయాను. మళ్ళీ అది గుర్తుకు రావడానికి పధ్నాలుగేళ్ళు పట్టింది. అదీ మా ఊళ్ళో కాదు, న్యూ మెక్సికోలో.

2011 వేసవిలో అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. మేముండేది డాలస్ శివార్లలో. గుడి చూపించాం, మాల్స్ చూపించాం, చెరువు గట్టున నడిపించాం. మూడు వారాలకల్లా అమ్మకి విసుగొచ్చేసింది. "మనుషులు కనపడరేందిరా ఇక్కడ?" అని అడిగింది. సరే, ఎటైనా తీసుకెళ్దామని పులిహోర, పెరుగన్నం కూలర్లో సర్దుకుని, ఎనిమిదేళ్ళ మా అమ్మాయిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని శాంటా ఫే బయల్దేరాం. ఆరువందల మైళ్ళ పైచిలుకు డ్రైవు. సముద్ర మట్టానికి ఏడువేల అడుగుల ఎత్తున, 1610లో స్పానిష్ వాళ్ళు కట్టుకున్న ఊరది. ఇళ్ళన్నీ మట్టి రంగే. అమ్మ కారు అద్దం దించి చూసి, "మన దిక్కు మట్టిగోడల ఇండ్ల లెక్కనే ఉన్నయి కదరా" అంది. ఆ ఇళ్ళ ధరలు చెబితే నోరు నొక్కుకుంది.

శాంటా ఫేకి ఉత్తరాన ఐదు మైళ్ళ దూరంలో టెసూకీ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ షిడోనీ అనే ఫౌండ్రీ ఉండేది. టామీ హిక్స్ అనే శిల్పి 1971లో దాన్ని మొదలుపెట్టాడు. తన విగ్రహాల కోసం పెట్టుకున్న కొలిమి, క్రమంగా దేశంలోని ఎందరో శిల్పులకి పోత పోసిపెట్టే చోటుగా పెరిగింది. పక్కనే పాత ఆపిల్ తోట. ఆ చెట్ల మధ్య, గడ్డి మీద, పోత పోసిన విగ్రహాలూ ఉక్కు శిల్పాలూ నిలబెట్టారు. ఎంచక్కా వాటి మధ్య తిరుగుతూ, చేత్తో తడిమి చూడొచ్చు. మ్యూజియంలో లాగా "ముట్టుకోకు" అనే వాళ్ళు లేరు. మా అమ్మాయికి అదే స్వర్గం. ఎండకి కాగిన కంచు గుర్రం మీద చెయ్యి వేసి, "అబ్బా!" అని వెనక్కి తీసుకోవడం, మళ్ళీ వెయ్యడం.

శనివారాల్లో అక్కడ కంచు పోయడాన్ని జనం నిలబడి చూడనిచ్చేవారు. మేం వెళ్ళింది శనివారమే. ముందుగా ఒకాయన లోపలంతా తిప్పి పని ఎలా జరుగుతుందో చెప్పాడు. శిల్పి మట్టితో చేసిచ్చిన బొమ్మకి మొదట రబ్బరు అచ్చు తీస్తారు. ఆ అచ్చులో మైనం పోసి, పలచటి పొరలా, లోపల డొల్లగా ఉండే మైనపు బొమ్మ తయారు చేస్తారు. దాని అతుకులు సరిచేసి, లోహం దిగడానికీ గాలి బయటికి పోవడానికీ మైనపు కడ్డీలు అతికిస్తారు. తర్వాత దాన్ని పింగాణీ జావలో ముంచి, సన్నని ఇసక చల్లి, ఆరబెడతారు. మళ్ళీ ముంచుతారు, మళ్ళీ ఆరబెడతారు. ఇలా పొర మీద పొర, రోజుల తరబడి. గట్టి పెంకు కట్టాక దాన్ని బట్టీలో పెడితే లోపలి మైనం కరిగి కారిపోతుంది. మిగిలేది బొమ్మ ఆకారంలో ఉన్న ఖాళీ. ఆ ఖాళీలోనే కంచు పోసేది.

అందరం తాడు ఇవతల నిలబడ్డాం. ముఖాలకి కవచాలు, ఒళ్ళంతా వెండి రంగు కోట్లు తొడుక్కున్న మనుషులు కొలిమిలోంచి మూసని పైకి లేపారు. లోపల లోహం నారింజ రంగులో ఉంది. దాదాపు రెండువేల డిగ్రీల ఫారెన్‌హీట్ అన్నారు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు. సైగలే. పెంకులు వరసగా ఇసకలో నిలబెట్టి ఉన్నాయి. మూస వంచి ఒక్కొక్కదాని నోట్లో పోసుకుంటూ పోయారు. ఐదు నిమిషాల్లో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మ చప్పట్లు కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "ఇది మన దిక్కు ఓజోళ్ళు చేసే పనే కదరా."

"ఏ ఓజోళ్ళు?" అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నాగోబా జాతరల గంటలు అమ్మరా? మైనం దారాలు చుట్టి, మీద మట్టి మెత్తి, కాల్చి, ఇత్తడి పోసుడే కదా. మనింట్ల దేవుని గూట్లె ఉన్న గంట ఎక్కడిదనుకున్నవ్? గీళ్ళు గింత పెద్దగ చేస్తున్నరు, గంతే తేడా."

నేను పుట్టి పెరిగింది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో. నాన్న అక్కడ ప్రభుత్వోద్యోగి. ఓజాల పల్లెకి మా ఇంటి నుంచి బస్సులో గంట ప్రయాణం. పదికి పది మార్కుల ప్రశ్నకి జవాబు మా ఇంటి దేవుడి గూట్లోనే గంట రూపంలో వేలాడుతుంటే, నేను దాన్ని వరంగల్లో ఒక టెక్స్ట్ బుక్కులో చదివి, న్యూ మెక్సికోలో టూరిస్టులా చూసి ఆశ్చర్యపోయాను. సిగ్గుపడ్డానని ముందే చెప్పాను కదా, అది ఇందుకే.

ఆ రాత్రి హోటల్లో నిద్ర పట్టలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు తీరిక దొరికినప్పుడల్లా ఈ మైనం సంగతి వెతుక్కుంటూ చదివాను. తెలిసినవి క్లుప్తంగా చెబుతాను.

మొహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె బొమ్మ మనందరం స్కూలు పుస్తకంలో చూసిందే. పది సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తుండే ఆ బొమ్మని పోసింది ఈ మైనం పద్ధతిలోనే. అంటే మన ఉపఖండంలో ఈ పనికి నాలుగున్నర వేల ఏళ్ళ వయసు. పాత గుంటూరు జిల్లా బుద్ధపాడులో దొరికి, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కంచు బుద్ధుడి విగ్రహాన్నీ మన నేల మీద పోత పనికి సాక్ష్యంగా చెప్పుకోవచ్చు.

ఇక పన్నెండో శతాబ్దానికి వద్దాం. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరు మీద "మానసోల్లాసం" అనే పెద్ద సంస్కృత గ్రంథం ఉంది. హనుమకొండ కాకతీయులు ఆ రోజుల్లో ఈ చాళుక్యులకి సామంతులు. వంటలు, ఏనుగులు, పాటలు, వైద్యం అన్నీ ఉన్న ఆ గ్రంథంలో లోహ విగ్రహం పోసే విధానం కూడా ఉంది. మైనంతో బొమ్మ చేసి, దానికి గొట్టాలు పెట్టి, మెత్తటి మట్టి పలచగా పూసి నీడన ఆరబెట్టి, పొరలు పొరలుగా మట్టి మెత్తి, మైనం కరిగించి, లోహం పోయాలి. టెసూకీలో నేను చూసిన క్రమమే. అందులో ఒక లెక్క నన్ను కట్టిపడేసింది. ముందే మైనాన్ని తూచుకోవాలట. ఇత్తడి, రాగి అయితే మైనం బరువుకి ఎనిమిది నుంచి పది రెట్లు, వెండి అయితే పన్నెండు రెట్లు తీసుకోవాలట. షిడోనీలో మాకు చెప్పినాయన కూడా సరిగ్గా ఇదే అన్నాడు: మైనం బరువుని పదితో గుణించి ఆపైన కంచు సిద్ధం చేసుకుంటామని. మైనం సాంద్రత ఒకటికి కాస్త తక్కువ, కంచుది ఎనిమిదిన్నరకి పైన. దారుల్లో మిగిలిపోయే లోహం కలుపుకుంటే పది రెట్లకి సరిపోతుంది. ఎనిమిదివందల తొంభై ఏళ్ళ కిందటి లెక్క కాలిక్యులేటరు మీద సరిపోవడం చూసినప్పుడు, చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది.

కానీ చదివిన కొద్దీ ఒక విషయం కొరుకుడు పడలేదు. గ్రంథం మీద పేరు రాజుది. ఆ లెక్క రాజు కనిపెట్టి ఉండడు. ఏ కొలిమి దగ్గరో చేతులు కాల్చుకున్నవాడు చెప్పి ఉంటాడు. వాడి పేరేమిటి? తిరుమలకి వెళ్ళిన ప్రతివాళ్ళూ శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డ లోహ ప్రతిమల్ని చూసే ఉంటారు. ఎవరు ఎవరో తెలియడానికి వాళ్ళ భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. చేసినవాళ్ళ పేరు ఎక్కడుంది? మన చరిత్రలో ఇదొక పెద్ద ఖాళీ.

మనదేశంలోనే ఇలా అనుకునేవాణ్ణి. 2014లో మా అమ్మాయికి వాషింగ్టన్ చూపించడానికి వెళ్ళినప్పుడు ఆ భ్రమ కూడా పోయింది. అమెరికాలో కంచు పోత కథ చాలా ఆలస్యంగా మొదలైంది. ఈ గడ్డ మీద పోసిన మొట్టమొదటి గుర్రపు రౌతు కంచు విగ్రహం వైట్ హౌస్ ఎదుట లఫాయెట్ స్క్వేర్లో ఉన్న ఆండ్రూ జాక్సన్‌ది. క్లార్క్ మిల్స్ అనే శిల్పి చేసిన ఆ విగ్రహాన్ని 1853 జనవరి 8న ఆవిష్కరించారు. తర్వాత ప్రభుత్వం కాపిటల్ భవనం శిఖరాన నిలబెట్టే స్వేచ్ఛా ప్రతిమ పోత పని కూడా మిల్స్‌కే ఇచ్చింది. పంతొమ్మిదిన్నర అడుగుల ఎత్తు, దాదాపు పదిహేను వేల పౌన్ల బరువు. థామస్ క్రాఫర్డ్ రోమ్‌లో చేసిన ప్లాస్టర్ నమూనా ఓడలో వచ్చింది. ఐదు భాగాల నమూనాని ఒక ఇటలీ పనివాడు అతుకులు కనపడకుండా కలిపి నిలబెట్టాడు. తీరా పోత పోసే వేళకి, జీతం పెంచితే తప్ప విడదీసే కిటుకు చెప్పనని భీష్మించాడట.

ఆ ముడి విప్పినవాడు ఫిలిప్ రీడ్. మిల్స్ దగ్గర బానిస. ఆనాటి కథనం ప్రకారం, విగ్రహం తల మీది ఇనప కొక్కేనికి కప్పీ తగిలించి మెల్లమెల్లగా పైకి లాగించాడు. లాగిన కొద్దీ అతుకు ఎక్కడుందో సన్నటి గీతలా బయటపడింది. అలా ఒక్కొక్క భాగం విడదీశారు. ఆ పోత పనిలో రీడ్ ఆదివారాలు కూడా పనిచేశాడు. బానిస ఆదివారం చేసిన పనికి కూలి అతని చేతికే ఇవ్వాలి కనుక, రోజుకి డాలరుంబావు చొప్పున ముప్ఫైమూడు ఆదివారాలకి 41 డాలర్ల 25 సెంట్లు ప్రభుత్వం లెక్కగట్టింది. మిగతా ఆరు రోజుల కూలి యజమానికి. ఆ కాగితం మీద రీడ్ సంతకం ఒక ఇంటూ మార్కు. 1862 ఏప్రిల్లో వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దయింది. 1863 డిసెంబరు 2న స్వేచ్ఛా ప్రతిమ శిఖరం ఎక్కేనాటికి ఫిలిప్ రీడ్ స్వేచ్ఛాజీవి.

ఆ ప్లాస్టర్ నమూనా ఇప్పుడు కాపిటల్ సందర్శకుల కేంద్రంలోనే ఉంది. తప్పక చూడండి. దాని ముందు నిలబడి నేను మా అమ్మాయికి ఈ కథ చెబితే, పదకొండేళ్ళ పిల్ల ఒకే ప్రశ్న అడిగింది: "నానమ్మ గంట ఎవరు చేశారు, డాడీ?" నా దగ్గర జవాబు లేదు. రీడ్ పేరైనా ఒక కూలి చీటీ పుణ్యమా అని మిగిలింది. మా గంటకి ఆ చీటీ కూడా లేదు.

2019 జనవరిలో అమ్మ పోయింది. తర్వాతి ఏడు సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు దేవుడి గూట్లోని గంట బట్టలో చుట్టుకుని జైనూరు మండలం ఉషేగాం బయల్దేరాను. ఇప్పుడది కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. పక్కనే మార్లవాయి. గోండుల మధ్య ఉండి పనిచేసిన హైమెండార్ఫ్ గారి ఊరుగా చాలామందికి తెలుసు. హైమెండార్ఫ్ పేరు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఉషేగాం ఓజాల సంగతి మాత్రం అమ్మ టెసూకీలో చెబితే గానీ తెలియలేదు. చూశారా తమాషా!

అక్కడ ఒక ఇంటి ముందు నడివయసాయన పనిలో ఉన్నాడు. మట్టి ముద్ద మీద మైనపు దారాలు ఒకదాని పక్కన ఒకటి చుడుతున్నాడు. నూలు దారమంత సన్నగా. ఆ దారాల చుట్లే తర్వాత ఇత్తడి మీద గీతలుగా తేలతాయి. డోక్రా అని మన ఎంపోరియంలలో అమ్మే వస్తువుల అందమంతా ఆ గీతల్లోనే ఉంది. మైనం మీద మెత్తటి మట్టి, దాని మీద ముతక మట్టి, పైన లోహం దిగే దారి. కాలిస్తే మైనం పోతుంది, ఇత్తడి పోస్తారు, చల్లారాక మట్టి పగలగొడతారు. షిడోనీలో రబ్బరు అచ్చు ఉంటుంది కనుక ఒకే బొమ్మని పది సార్లు పోయొచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు. అచ్చు పగిలితే ఆ బొమ్మ కథ అంతే. ఏ రెండు గంటలూ ఒకలా ఉండవు. గోండుల దేవతలకీ, పండగలకీ కావలసినవి తరతరాలుగా వీళ్ళే చేసిపెడుతున్నారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చిందిగానీ, పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా అని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. మైనం చుడుతూనే ఉన్నాడు.

గంట బట్టలోంచి తీసి చూపించాను. చేతిలోకి తీసుకుని తిప్పాడు. గోటితో గీతల మీద రాశాడు. ఒకసారి మోగించి విన్నాడు. ఎవరు చేశారో చెప్పగలరా అన్నాను. "మావోళ్ళదే సార్. శాన ఏండ్ల కిందటిది. గిట్ల చుట్టేటోళ్ళు ఇప్పుడు లేరు" అన్నాడు. పేరు అడిగాను. తెలియదన్నాడు. మీరైనా మీ వస్తువుల మీద పేరు చెక్కుకోవచ్చు కదా అంటే నవ్వాడు. "పేరెందుకు సార్? వస్తువు చూస్తె తెల్వదా ఎవలు చేసిన్రో?"

నేను మాట్లాడలేకపోయాను. ఇన్నేళ్ళు పేరు లేదు, పేరు లేదు అని బాధపడ్డవాణ్ణి. ఆయన దృష్టిలో పేరు ఆ గీతల్లోనే ఉంది. చదవడం రానివాణ్ణి నేను. అమ్మకి ఆ చదువు వచ్చు. అమెరికాలో అడుగుపెట్టిన నెల రోజులకే, వెండి కోట్ల మనుషుల మధ్య, పింగాణీ పెంకుల మధ్య, ఒక్క చూపులో పోల్చుకుంది. ఏడో తరగతి దాటని అమ్మ. పటం గీసి వివరించిన నేను పోల్చుకోలేదు.

అయినా చూసి గుర్తుపట్టేవాళ్ళు ఉన్నంత కాలమే ఆయన మాట నిజం. వాళ్ళు తగ్గిపోతున్నప్పుడు పేరు రాసి పెట్టుకోవడం మన పని. అందుకని ఆరోజు ఆయన దగ్గర ఒక నెమలి కొన్నాను. ఆయన పేరు, ఊరు, తేదీ అడిగి కాగితం మీద రాసుకున్నాను. ఆయన నా వంక వింతగా చూశాడు గానీ చెప్పాడు. ఆ కాగితం మా ఇంట్లో నెమలి కింద ఉంది.

షిడోనీ కొలిమి కూడా ఇప్పుడు లేదు. కొన్నేళ్ళ క్రితం అక్కడ పోత పని ఆగిపోయింది. కంచు గుర్రం పక్కన అమ్మా, మా అమ్మాయీ ఎండకి కళ్ళు చిట్లించుకుని నిలబడ్డ ఫోటో ఒకటి మిగిలింది.

మన ఇళ్ళలో ఊరి నుంచి సూట్‌కేసుల్లో సర్దుకుని తెచ్చుకున్న ఇత్తడి, కంచు సామాన్లు ఏవో ఉంటాయి. బుడితి చెంబు కావచ్చు, పెంబర్తి పళ్ళెం కావచ్చు, అమ్మమ్మ ఇచ్చిన దీపపు కుందె కావచ్చు. ఈ కన్వెన్షన్ నుంచి ఇంటికి వెళ్ళాక ఒకసారి దాన్ని తిరగేసి చూడండి. అది ఎక్కడిదో, ఎవరు ఎలా చేశారో తెలిసిన పెద్దవాళ్ళు మీకింకా ఉంటే, ఈ వారమే ఫోన్ చేసి అడగండి. నేను టెసూకీలో అమ్మని ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది.